ఏ ప్యాకేజీని వదులుకోవాలి? లినక్స్ అప్‌డేట్లలో డిపెండెన్సీ పేచీలు

డెబియన్ మీదో ఉబుంటు మీదో కొన్నాళ్లు పనిచేసిన ప్రతి ఒక్కరికీ ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ చెప్పే ఒక మాట పరిచయమే: సమస్యలు సరిదిద్దడం కుదరలేదు, మీరు విరిగిన ప్యాకేజీలను పట్టి ఉంచారు. చదివినవారు ముందు తెల్లబోతారు. ఎందుకంటే చాలాసార్లు వాళ్లు దేన్నీ పట్టి ఉంచి ఉండరు. పట్టి ఉంచినవాటి జాబితా అడిగితే ఖాళీగా వస్తుంది. ఆ మాట వెనక ఉన్న అసలు సంగతి వేరు. మీరు అడిగినవీ, యంత్రంలో ఇప్పటికే ఉన్నవీ, రెపోలో దొరుకుతున్నవీ కలిపి చూస్తే అన్నిటి షరతులూ ఒకేసారి నెరవేరే కూర్పు నాకు దొరకలేదు, అని ఆప్ట్ చెప్పాలనుకుంటోంది. ఇంత చిన్న విషయాన్ని సూటిగా చెప్పడం దానికి ఇరవై ఏళ్లకు పైగా చేతకాలేదు.

లినక్స్ ప్యాకేజీల పేచీల మీద మూడు దశాబ్దాలుగా జరిగిన పనిని ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. కూర్పును వెతకడమనే కష్టం దాదాపు తీరిపోయింది. తీరనివి రెండున్నాయి. కూర్పు కుదరనప్పుడు ఎందుకు కుదరలేదో మనిషికి అర్థమయ్యేలా చెప్పడం ఒకటి. అందరినీ ఒప్పించలేనప్పుడు ఎవరిని వదులుకోవాలో, ఆ నిర్ణయం ఎవరిదో తేల్చడం రెండోది. అప్‌డేట్ మధ్యలో చేతులెత్తేసిన యంత్రం ముందు కూర్చున్న మనిషికి కావలసింది ఈ రెండే. కూర్పును వెతికే సాల్వర్ ఎంత వేగంగా పనిచేసిందన్నది ఆ మనిషికి అక్కరకు రాదు.

పేచీ పుట్టేచోటు

ఏ ప్రోగ్రామూ తనకు కావలసిన పనులన్నీ తానే చేసుకోదు. ఎన్‌క్రిప్షన్‌కు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ మీద, శబ్దానికి ఆల్సా మీద, దాదాపు ప్రతి పనికీ జీలిబ్‌సీ మీద ఆధారపడుతుంది. డెబియన్, ఉబుంటు లాంటి డిస్ట్రోలు ఈ లైబ్రరీలను ఒక్కొక్కటి ఒకే ప్రతిగా ఉంచి అందరిచేతా దాన్నే వాడిస్తాయి. దీని లాభమేమిటో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడినప్పుడు తెలిసింది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో సర్వర్ మెమరీనే బయటికి కార్చేసే లోపమది. డిస్ట్రోలు ఒక్క లైబ్రరీ ప్యాకేజీని సరిచేసి పంపాయి. అడ్మిన్లు దాన్ని అప్‌డేట్ చేసి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్, వీపీఎన్ అన్నీ ఒకేసారి బాగుపడ్డాయి. తమ సొంత ప్రతిని లోపల కూరుకున్న ప్రోగ్రాములను మాత్రం ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవలసి వచ్చింది.

ఆ సౌకర్యానికి కట్టే వెలే డిపెండెన్సీ పేచీ. అందరూ వాడే ప్రతి మారుతోందంటే దానికి అందరూ ఒప్పుకోవాలి. ఇంటర్‌ఫేస్ పాతదానితో పొసగకుండా మారితే లైబ్రరీ ఫైలు పేరు చివర అంకె పెరుగుతుంది. దీన్ని సోనేమ్ అంటారు. డెబియన్ ఆ అంకెను ప్యాకేజీ పేరులోకే తెస్తుంది. అందుకే లిబ్‌ఎస్ఎస్ఎల్1.1, లిబ్‌ఎస్ఎస్ఎల్3 అనేవి వేర్వేరు ప్యాకేజీలు. రెండూ ఒకే యంత్రంలో పక్కపక్కన ఉండగలవు కూడా. కానీ రెండింటికీ భద్రతా సవరణలు చేస్తూ పోవడం భారం కనుక డిస్ట్రో పాతదాన్ని తీసేస్తుంది. ఉబుంటు 22.04 అదే చేసింది. అప్పటికి లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 కోసం కట్టిన మాంగోడీబీ ప్యాకేజీలు ఆ కొత్త ఉబుంటులో ఎక్కలేదు. ఎంతోమంది పాత 20.04 రెపో నుంచి ఆ ఒక్క లైబ్రరీ డెబ్ ఫైలు తెచ్చి పెట్టుకున్నారు. డేటాబేస్ నడిచింది. కానీ ఆ లైబ్రరీకి ఇక ఆ యంత్రంలో ఎవరూ అప్‌డేట్ పంపరు. పేచీ తీరిందనుకున్నచోట ఒక రంధ్రం మిగిలిపోయింది.

ప్రతి ప్యాకేజీతోనూ కొన్ని షరతులు వస్తాయి. ఇది ఉంటేనే నేను ఉంటాను. ఫలానా వెర్షన్ కంటే కొత్తదే కావాలి. అది ఉంటే నేను ఉండను. ఫలానా పేరుతో ఎవరైనా అడిగితే నేను సరిపోతాను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి. ఇవన్నీ ఒకరినొకరు ఎరగని వేలమంది రాసిన షరతులు. నిజానికి ఇవి రోజూ పొసగుతూ ఉండటమే ఆశ్చర్యం. పొసగనప్పుడు కలిగే కోపంలో ఈ సంగతి మరుగున పడుతుంది.

చేత్తో వెతికిన రోజులు

డెబియన్ 1993లో మొదలైంది. మరుసటి ఏడాదికల్లా దాని ప్యాకేజీ పనిముట్టు డీపీకేజీ తయారైంది. రెడ్‌హ్యాట్ ఆర్‌పీఎం 1995 నాటిది. ఈ రెండూ షరతులు చదవగలవు, నెరవేరకపోతే వద్దనగలవు. లోటును భర్తీ చేయడం మాత్రం వాటి పని కాదు. ఒక ప్యాకేజీ పెట్టబోతే మూడు లైబ్రరీలు కావాలంటుంది, ఆ మూడూ మరో ఐదింటిని అడుగుతాయి. మనిషి నెట్‌లో ఒక్కో ఫైలూ వెతికి తెచ్చుకోవాలి. డిపెండెన్సీ నరకం అన్న పేరు ఆ రోజుల్లో స్థిరపడింది. 1999లో డెబియన్ 2.1తో ఆప్ట్ బయటికి వచ్చాక ఆ వెతుకులాట యంత్రం చేతికి వెళ్లింది. ఆర్‌పీఎం లోకంలో ఎల్లో డాగ్ లినక్స్‌వారి అప్‌డేటర్‌ను డ్యూక్ యూనివర్సిటీలో సేత్ విడాల్ తదితరులు తిరగరాసి యమ్ తెచ్చారు. ఈ తరం పనిముట్లన్నీ అనుభవంతో కుదిరిన ఉపాయాల మీద నడిచేవి. ఆప్ట్ ప్రతి ప్యాకేజీకీ మార్కులు వేసి, పేచీ వస్తే తక్కువ మార్కులవాడిని పక్కన పెట్టేది. నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిపోయేది. సరిపోనప్పుడు పరిష్కారం ఉండి కూడా లేదనేది, లేదా అనవసరంగా పెద్ద తొలగింపు చూపేది.

ఉపాయాలు ఎందుకు చాలడం లేదో తేల్చింది యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచిన ఈడాస్ ప్రాజెక్టు. రాబెర్టో డి కాస్మో బృందం 2006 నాటికి ఒక విషయాన్ని రుజువు చేసింది. ఒక ప్యాకేజీని ఇచ్చిన రెపో నుంచి ఇన్‌స్టాల్ చేయగలమా లేదా అన్న ప్రశ్న ఎన్‌పీ-కంప్లీట్ తరగతిలోది. అంటే 1971లో స్టీఫెన్ కుక్ చూపిన శాట్ సమస్య (తర్కవాక్యాలన్నీ ఒకేసారి నిజమయ్యే దారి ఉందా అన్న ప్రశ్న) ఎంత కష్టమో ఇదీ అంత కష్టం. పెళ్లి ముహూర్తం పెట్టే ఇంట్లో ఈ కష్టం అందరికీ తెలిసిందే. వధూవరుల తారాబలం, కల్యాణమండపం ఖాళీ, అమెరికాలో ఉన్న అన్న సెలవు, మేనమామ గారింటి మైల, అన్నీ కలిసే రోజు కావాలి. ఎవరైనా ఒక రోజు చూపితే అది కుదురుతుందో లేదో గంటలో తేల్చవచ్చు. ఆ రోజును పట్టుకోవడమే కష్టం. ఒక్కోసారి ఏడాదంతా వెతికినా దొరకదు, దొరకదని తేల్చడం ఇంకా కష్టం.

అయితే సిద్ధాంతం భయపెట్టినంతగా ఆచరణ భయపెట్టలేదు. ఒక్కో ప్యాకేజీ వెర్షన్‌ను ఉంది, లేదు అనే చలరాశిగా తీసుకుని, షరతులన్నిటినీ తర్కవాక్యాలుగా మార్చి శాట్ సాల్వర్‌కు ఇస్తే మామూలు అప్‌డేట్లు రెప్పపాటులో తేలిపోతాయి. మనుషులు రాసే షరతులు ఎక్కువగా సరళమైనవి. ఆ తరగతిలోని అతి కష్టమైన కేసులు డిస్ట్రోల్లో అరుదు. సుసెలో మైఖేల్ ష్రోడర్ రాసిన లిబ్‌సాల్వ్ ఈ దారిలో వచ్చింది. 2008లో ఓపెన్‌సుసె 11.0లో దాని ప్యాకేజీ పనిముట్టు జిప్పర్ వెనక ఇదే పద్ధతి చేరింది. 2015లో ఫెడోరా 22 నుంచి యమ్ స్థానంలోకి వచ్చిన డీఎన్ఎఫ్ కూడా లిబ్‌సాల్వ్ మీదే నిలిచింది.

ఈడాస్ తర్వాత వచ్చిన మాన్‌కూసి ప్రాజెక్టు 2008 నుంచి 2011 వరకు నడిచింది. నా దృష్టిలో ఈ రంగంలో అత్యంత విలువైన ప్రశ్న వేసింది అదే. కూర్పులు ఒకటి కాదు, వందలు కుదరవచ్చు. వాటిలో మంచిది ఏది? వాళ్లు సాల్వర్ల పోటీ పెట్టి రెండు కొలమానాలు ఇచ్చారు. భయస్థుడి కొలమానంలో ముందు తొలగింపులు తక్కువ కావాలి, తర్వాత మార్పులు తక్కువ కావాలి. కొత్తదనం కోరేవాడి కొలమానంలోనూ తొలగింపులు తగ్గించడమే మొదటిది. ఆపైన పాతబడి మిగిలేవి తక్కువ, సిఫార్సు చేసినవి నెరవేరనివి తక్కువ, కొత్తగా వచ్చి చేరేవి తక్కువ కావాలి. ఒకే యంత్రం, ఒకే రెపో, ఒకే అభ్యర్థన. కొలమానం మారితే సరైన జవాబు మారుతుంది. బ్యాంకు సర్వర్‌కు మొదటిది కావాలి, ప్రోగ్రామర్ లాప్‌టాప్‌కు రెండోది. ఇప్పటికీ చాలా పనిముట్లు ఈ ఎంపికను మనముందు పెట్టవు. తమలో దాచుకుని తామే తేల్చేస్తాయి.

సాల్వర్ సరిగ్గా పనిచేసి డెస్క్‌టాప్‌ను కూల్చిన రోజు

2021 నవంబరులో యూట్యూబ్‌లో పేరున్న లైనస్ సెబాస్టియన్ లినక్స్ మీద ఆటలు ఆడి చూద్దామని పాప్ ఓఎస్ అనే డిస్ట్రో ఎక్కించి, ఆటల కోసం వాడే స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయారు. గ్రాఫిక్ స్టోర్ నిరాకరించింది. టెర్మినల్‌లో అదే అడిగితే ఆప్ట్ పొడవాటి జాబితా చూపి, ఇందులో అత్యవసర ప్యాకేజీలు పోతాయి, నిజంగా కావాలంటే ‘అవును, నేను చెప్పినట్టు చెయ్యి’ అనే అర్థమొచ్చే ఇంగ్లిష్ వాక్యాన్ని టైపు చేయమంది. ఆయన చేశారు. డెస్క్‌టాప్ మొత్తం తొలగిపోయింది.

దీని మీద ఆనాడు నడిచిన చర్చ ఎక్కువగా మనిషి తప్పా, లినక్స్ తప్పా అన్న దగ్గర తిరిగింది. నేర్చుకోవలసింది వేరేచోట ఉంది. స్టీమ్ అప్పట్లో 32-బిట్ ప్రోగ్రాం. దానికి 32-బిట్ లైబ్రరీలు కావలసి వచ్చేవి. డెబియన్ కుటుంబంలో ఉన్న మల్టీ-ఆర్చ్ ఏర్పాటులో ఒకే లైబ్రరీ 32-బిట్, 64-బిట్ ప్రతులు పక్కపక్కన ఉండాలంటే రెండింటి వెర్షనూ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. ఆ రోజు రెపోలో ఒక ప్యాకేజీ 64-బిట్ ప్రతి ముందుకు వెళ్లింది, దాని 32-బిట్ జత అక్కడికి చేరలేదు. అభ్యర్థన స్టీమ్ కావాలని. స్టీమ్ ఉండాలంటే పాత వెర్షన్ జతకు దిగాలి, దిగితే డెస్క్‌టాప్ షరతు తప్పుతుంది. కనుక డెస్క్‌టాప్ తీసేస్తే స్టీమ్ కుదురుతుంది. తర్కం దృష్టిలో ఇందులో దోషమేమీ లేదు. ఒక ఆట కోసం ఇల్లు ఖాళీ చేయడం ఎవరికీ అక్కర్లేదని చెప్పే షరతు ఎవరూ రాయలేదు, అంతే.

ఆ తర్వాత ఆప్ట్ తీరు మారింది. వాక్యం టైపు చేస్తే చాలన్న పద్ధతి పోయింది. అత్యవసర ప్యాకేజీలు తీయాలంటే ఆ సంగతి ముందే ఆప్షన్‌గా విడిగా రాయాలి, లేకపోతే పని అక్కడే ఆగుతుంది. మంచి మార్పు. కానీ ఆగినప్పుడు ఆ మనిషికి 32-బిట్ జత రాలేదు, రేపు మళ్లీ ప్రయత్నించండి అని ఎవరు చెబుతారు? ఆనాటి ఆప్ట్‌కు ఆ జ్ఞానం లోపల ఉంది. బయటపెట్టే నోరే లేదు.

ఒక పేరు మార్పు వెనక 2038

పేచీల మూలం ఎక్కువగా యూజర్ యంత్రంలో ఉండదు, ఆర్కైవ్‌లో ఉంటుంది. దీనికి 2024 వసంతంలో డెబియన్, ఉబుంటుల్లో జరిగిన టీ64 మార్పు కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. 32-బిట్ యంత్రాల్లో కాలాన్ని 1970 నుంచి లెక్కించే సంఖ్య 2038 జనవరి 19న నిండిపోతుంది. ముఖ్యంగా కార్లలో, కర్మాగారాల్లో ఏళ్ల తరబడి ఉండబోయే 32-బిట్ ఆర్మ్ పరికరాల కోసం ఆ సంఖ్యను 64 బిట్లకు పెంచాలి. పెంచితే కాలాన్ని ఇచ్చిపుచ్చుకునే ప్రతి లైబ్రరీ లోపలి రూపం మారుతుంది. పాత ప్రోగ్రామూ కొత్త లైబ్రరీ పొరపాటున కలిస్తే నిశ్శబ్దంగా తప్పు జవాబులు వస్తాయి. అలా జరగకుండా అలాంటి లైబ్రరీ ప్యాకేజీల పేరు చివర టీ64 చేర్చారు. పేరు ఆర్కిటెక్చర్‌కొక తీరుగా ఉంచడం చిక్కు కనుక, ఏ మార్పూ అవసరం లేని 64-బిట్ పీసీల్లోనూ అదే పేరు వచ్చింది.

డెబియన్‌లో కొత్త ప్యాకేజీలు మొదట చేరే అన్‌స్టేబుల్ విభాగంలో ఫిబ్రవరి చివరి నుంచి అప్‌లోడ్లు మొదలయ్యాయి. సగం ప్యాకేజీలు కొత్త పేరు అడుగుతున్నాయి, సగం పాత పేరు. ఆ వారాల్లో పూర్తి అప్‌గ్రేడ్ కొట్టినవారికి ఆప్ట్ పొడవాటి తొలగింపుల జాబితా చూపేది. దాని మధ్యలోనే, మార్చి 29న, ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ కొంచెం నెమ్మదించడాన్ని గమనించి దాన్ని పట్టుకున్నారు. ఆ లోపమున్న కోడ్ చేరిన తర్వాత కట్టిన బైనరీ ప్యాకేజీలన్నిటినీ ఉబుంటు మళ్లీ కట్టింది. 24.04 బీటా ఒక వారం వెనక్కి జరిగి ఏప్రిల్ 11న వచ్చింది. అయినా అసలు విడుదల చెప్పిన తేదీకే, ఏప్రిల్ 25న జరిగింది. ఎవరికీ కనపడని ఆ శ్రమను తలచుకున్నప్పుడు నాకు వాళ్లమీద గౌరవం పెరుగుతుంది.

వినియోగదారుడి దాకా వచ్చిన పేచీ చిన్నది, కానీ విస్తృతమైనది. శబ్దానికి వాడే లిబ్‌ఎసౌండ్2 కాస్తా లిబ్‌ఎసౌండ్2టీ64 అయింది. పాత పేరుకు ఇప్పుడు ప్యాకేజీ లేదు, ఆ పేరుతో అడిగితే నేనున్నానని చెప్పేవి రెండున్నాయి. ఇద్దరిలో ఎవరు కావాలో ఆప్ట్ తేల్చదు. కనుక స్క్రిప్టుల్లో, డాకర్‌ఫైళ్లలో పాత పేరు రాసుకున్నవారికి ఆ ప్యాకేజీకి అభ్యర్థి లేడు అన్న జవాబు వచ్చింది. మందు ఒక్కటే: స్క్రిప్టులో పేరు మార్చడం. పాత విడుదల నుంచి పాత డెబ్ ఫైలు తెచ్చి బలవంతంగా ఎక్కించడం మాత్రం మరో పది పేచీలకు నాంది.

ఇలాంటి మార్పులు మన యంత్రాలకు చేరేలోపే పొసగాలన్న ఆలోచనతోనే డెబియన్‌లో బ్రిట్నీ అనే ప్రోగ్రాం పనిచేస్తుంది. అన్‌స్టేబుల్ నుంచి తర్వాతి విడుదల తయారయ్యే టెస్టింగ్‌లోకి ఒక ప్యాకేజీ వెళ్లాలంటే, దాని రాకతో అక్కడ ఇన్‌స్టాల్ కాని ప్యాకేజీలు పెరగకూడదు. పెరిగితే ద్వారం దగ్గరే ఆగుతుంది. ఇతర జాగ్రత్తలన్నిటికంటే ఇది ఎక్కువ పేచీలను నివారిస్తోందని నా నమ్మకం. ఆర్చ్ లినక్స్‌కు విడుదలలు లేవు కనుక అక్కడి రక్షణ వేరు: అప్‌డేట్ అంటే మొత్తం అప్‌డేట్. కొత్త జాబితా తెచ్చుకుని ఒక్క ప్యాకేజీని మాత్రమే పెట్టుకోవడాన్ని వారు సమర్థించరు. ఎందుకంటే ఆర్చ్ ప్యాకేజీల్లో చాలావరకు వెర్షన్ హద్దులు రాసి ఉండవు. అన్నీ ఒకేనాటివన్నది అక్కడ రాయని షరతు.

పేచీ వచ్చాక

నేను చూసిన పేచీల్లో అధిక భాగం మూడో పక్షం రెపోల వల్ల వచ్చినవి. ఉబుంటు కోసం ఇతరులు నడిపే పీపీఏలు, తయారీదారుల సొంత రెపోలు, డెబ్ ఫైళ్లు. వాటిని పెట్టేవారు చెడ్డవారు కాదు. వాళ్ల షరతులను డిస్ట్రో షరతులతో కలిపి పరీక్షించేవారు ఎవరూ లేరు, అదే ఇబ్బంది. ఫెడోరా 2022లో పేటెంట్ల కారణంగా మెసా గ్రాఫిక్స్ డ్రైవర్ల నుంచి కొన్ని వీడియో కోడెక్‌లు తీసేసింది. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే మూడో పక్షం రెపో వాటితో కూడిన ప్రతి ఇస్తోంది. ఫెడోరా మెసా కొత్త వెర్షన్ పంపిన రోజున ఆర్‌పీఎం ఫ్యూజన్‌ది ఇంకా పాతదే అయితే డీఎన్ఎఫ్ మొరాయిస్తుంది. దీనికి సరైన చికిత్స చాలాసార్లు ఏమీ చేయకపోవడమే. ఒకటి రెండు రోజుల్లో జత వస్తుంది. ఆ లోపు తొలగింపులకు అనుమతించే ఆప్షన్ జోడిస్తే వీడియో డ్రైవర్ పోతుంది.

కనుక మొదట చూడవలసింది, పేచీలో ఉన్న వెర్షన్లు ఎక్కడినుంచి వచ్చాయన్నది. డెబియన్ వైపు ‘ఆప్ట్-క్యాష్ పాలసీ’ ఒక ప్యాకేజీ యంత్రంలో ఏ వెర్షన్ ఉందో, ఏ రెపో ఏ వెర్షన్ ఇస్తోందో, ఎవరికి ఎంత ప్రాధాన్యమో చూపుతుంది. నిజాయితీగా చెబితే సగం కేసులు ఆ ఒక్క తెరతో అర్థమవుతాయి. పీపీఏ నుంచి వచ్చిన వెర్షన్ కొత్త ఉబుంటు విడుదలలోని దానికంటే పెద్ద సంఖ్య అయితే ఆప్ట్ దాన్ని దించదు, మిగతావి దానితో పొసగవు. పీపీఏ-పర్జ్ అందుకే పుట్టింది: రెపోను తీసి, దాని ప్యాకేజీలను డిస్ట్రో వెర్షన్లకు దించుతుంది. అదే పని ప్రాధాన్యాల ఫైలులో 1000 దాటిన అంకె ఇచ్చి చేయవచ్చు. వెయ్యి దాటితేనే ఆప్ట్ వెనక్కి దిగడానికి ఒప్పుకుంటుంది. పని కాగానే ఆ ఫైలు తీసేయాలి. మరచిపోయిన ఇలాంటి ఫైళ్లు ఏళ్ల తర్వాత కూడా అప్‌డేట్లను అడ్డుకుంటాయి.

ఆగిపోయిన ప్రతిదీ పేచీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఉబుంటు కొన్ని అప్‌డేట్లను యూజర్లకు దఫాలవారీగా పంపుతుంది. మన యంత్రం వంతు రాకపోతే ఆ ప్యాకేజీలు వెనక ఉంచినట్టు కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి బలవంతంగా ఎక్కించడం వల్ల ఒరిగేదేమీ లేదు. మధ్యలో కరెంటు పోయి సగం కాన్ఫిగర్ అయిన స్థితి కూడా పేచీలాగే కనిపిస్తుంది. దానికి మాత్రం ముందు ‘డీపీకేజీ’తో మిగిలిన కాన్ఫిగరేషన్ పూర్తి చేయించి, ఆ తర్వాత ఆప్ట్‌ను విరిగినవి సరిదిద్దమనాలి. ఈ వరుస తప్పితే ఆప్ట్ సగం పెట్టినవాటిని తీసేయడమే దారిగా చూపవచ్చు.

హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో శనివారం రాత్రుళ్లు ఎక్కడెక్కడి సర్వర్లకో ప్యాచింగ్ చేసే మన ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. వాళ్లకోసం ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 నుంచి డీఎన్ఎఫ్ అన్నిటికంటే కొత్త వెర్షనే కావాలని పట్టుబడుతుంది. కుదరకపోతే ఆగి, విరిగినవి వదిలేసే ఆప్షన్ ఇచ్చి చూడమని తానే సూచిస్తుంది. రెండు గంటల విండోలో వందల సర్వర్లు ముగించవలసినవారు ఆ సూచనను స్క్రిప్టులోనే శాశ్వతంగా రాసేస్తారు. ఇక ప్రతి నెలా అప్‌డేట్ విజయవంతం అని నివేదిక వెళుతుంది. వదిలేసిన వాటిలో కెర్నెల్ ఉందో, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఉందో ఎవరూ చూడరు. ఆ ఆప్షన్ వాడక తప్పకపోతే వాడండి. వాడిన వెంటనే ఇంకా మిగిలిపోయిన భద్రతా సవరణల జాబితాను ‘డీఎన్ఎఫ్ అప్‌డేట్‌ఇన్ఫో’తో తీసి నివేదికకు జోడించండి. వెనక్కి రావడానికి డీఎన్ఎఫ్ హిస్టరీ ఉందని ధీమా కూడా వద్దు. అది పాత ప్యాకేజీలు రెపోలో ఇంకా ఉంటేనే పనిచేస్తుంది. ఫెడోరా అప్‌డేట్ల రెపోలో సాధారణంగా చివరి వెర్షన్ ఒక్కటే ఉంటుంది. ఈ విషయంలో ఓపెన్‌సుసె ముందుంది: బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ మీద జిప్పర్ పని మొదలయ్యే ముందూ ముగిశాకా స్నాప్‌షాట్ తీసి ఉంచుతుంది.

పేచీనే లేకుండా చేస్తే?

ఒకే ప్రతి అన్న నియమమే పేచీకి మూలమైతే ఆ నియమాన్నే వదిలేయవచ్చు కదా అని అడిగినవారు ఎల్కో డోల్‌స్ట్రా. ఉట్రెక్ట్ యూనివర్సిటీలో 2006లో సమర్పించిన ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్‌కు పునాది. అందులో ప్రతి ప్యాకేజీ, దాన్ని కట్టడానికి వాడిన ప్రతిదాని గుర్తుతో లెక్కించిన హ్యాష్ పేరున్న సొంత డైరెక్టరీలో ఉంటుంది. రెండు ప్రోగ్రాములకు ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు కావాలంటే రెండూ ఉంటాయి, గొడవే లేదు. అప్‌డేట్ నచ్చకపోతే పాత తరానికి తిరిగి వెళ్లవచ్చు. నాకు ఇది ఈ రంగంలోకెల్లా అందమైన ఆలోచన. అయినా ఒక హద్దు ఉంది. ఒకే ప్రాసెస్‌లోకి ఒక లైబ్రరీ రెండు వెర్షన్లు చేరితే నిక్స్ కూడా కాపాడలేదు. ఆ పేచీ ప్యాకేజీ కట్టేవారి దగ్గరే తీరాలి. డిస్క్ ఖర్చు, నేర్చుకోవలసిన భాష సంగతి సరేసరి.

ఫ్లాట్‌పాక్, స్నాప్‌లది మధ్యేమార్గం. అప్లికేషన్ తన లైబ్రరీలను వెంట తెచ్చుకుంటుంది, లేదా అందరికీ ఉమ్మడిగా ఉన్న రన్‌టైమ్ మీద నిలుస్తుంది. డెస్క్‌టాప్ అప్లికేషన్లకు ఇది మేలే చేసింది. కానీ హార్ట్‌బ్లీడ్ లాంటిది మళ్లీ వస్తే వెంట తెచ్చుకున్న ప్రతి ప్రతినీ దాని తయారీదారే సరిచేయాలి. గడువు తీరిన రన్‌టైమ్ మీదే ఇంకా నడుస్తున్న అప్లికేషన్లు ఇప్పటికే ఎన్నో ఉన్నాయి. పేచీ పోలేదు. డిస్ట్రో భుజాల మీది బరువు అప్లికేషన్ రచయిత భుజాల మీదికి మారింది. మోయగలిగినవారికి అప్పగిస్తే తప్పులేదు, అందరూ మోయగలరనుకోవడమే తప్పు.

వివరించడం విషయంలో మాత్రం ఈ మధ్య నిజమైన ముందడుగు పడింది. జిప్పర్ చాలాకాలంగా పేచీని చెప్పి, దాని కింద ఒకటి, రెండు, మూడు అని దారులు రాసి, ఏది కావాలో అంకె అడుగుతోంది. ఆప్టిట్యూడ్ ఒక పరిష్కారం వద్దంటే మరొకటి తెస్తుంది. ప్రోగ్రామింగ్ భాషల వైపు నటాలీ వైజెన్‌బామ్ డార్ట్ కోసం 2018లో తెచ్చిన పబ్‌గ్రబ్ విఫలమైనప్పుడు కారణాల గొలుసును మామూలు వాక్యాల్లో చెప్పడాన్ని మొదటి లక్ష్యంగా పెట్టుకుంది. ఇప్పుడు ఆప్ట్ వంతు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆప్ట్ 3.0 కోసం జూలియన్ ఆండ్రెస్ క్లోడ్ కొత్త సాల్వర్ రాశారు. దాని మూలం 1962 నాటి డీపీఎల్ఎల్ పద్ధతి. అందులో నాకు నచ్చినవి రెండు. మనిషి తానుగా పెట్టుకున్న ప్యాకేజీని సాల్వర్ తన సౌలభ్యం కోసం తీసేయదు. 2021 నాటి ప్రమాదానికి ఇది మూలంలోనే వేసిన అడ్డుకట్ట. రెండోది, కుదరనప్పుడు ఎదురుబొదురైన రెండు కారణాల గొలుసులు చూపుతుంది: ఫలానా ప్యాకేజీ వీరివల్ల కావాలి, అదే ప్యాకేజీ వీరివల్ల కుదరదు. చదివినవారు వేలు పెట్టి చూపగల చోటు అది.

మొత్తం వ్యవస్థను ఒకే ఇమేజ్‌గా పంపే ఫెడోరా సిల్వర్‌బ్లూ వంటి డిస్ట్రోలు మరో దారి పట్టాయి. ప్యాకేజీల కూర్పు ఫెడోరా సర్వర్లలోనే తేలిపోతుంది, యూజర్ యంత్రానికి తేలిన ఇమేజ్ వస్తుంది. సరిగ్గా లేకపోతే రీబూట్‌లో పాత ఇమేజ్ ఎంచుకోవచ్చు. కానీ ఆ ఇమేజ్ మీద ఒక వీడియో డ్రైవర్‌నో వీపీఎన్ ప్రోగ్రామ్‌నో అదనంగా పేర్చుకున్నవారికి అదే పాత మెసా పేచీ ఇక్కడా ఎదురవుతుంది. పేర్చినది కొత్త ఇమేజ్‌తో పొసగకపోతే, అక్కడ అప్‌డేట్లు చేసే ఆర్‌పీఎం-ఓఎస్‌ట్రీ ఆ అప్‌డేట్‌ను మొత్తంగా ఆపేస్తుంది. యంత్రం నిన్నటిలాగే చక్కగా నడుస్తుంది, ఏదీ విరగదు. అప్‌డేట్లు వెనక వాటంతటవే జరగాలని పెట్టి ఉంటే, జరగలేదన్న సంగతి లాగ్ చూస్తే గాని తెలియకపోవచ్చు. ఆ లాగ్ ఎవరైనా తెరిచి చదివి, పేర్చిన ఆ ఒక్క ప్యాకేజీని తీసేదాకా, లేదా దాని జత రెపోలోకి వచ్చేదాకా, ఇమేజ్‌లో ఉన్న భద్రతా సవరణ ఏదీ ఆ యంత్రానికి అందదు.